కుర్ర గూఢచారి కథ రాస్తున్న అమ్మలూకి

సత్యనారాయణపురం, విజయవాడ

చిరంజీవి అమ్మలూకి బాబాయ్ ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. పిన్ని కూడా చదివింది. ఇంగ్లీషులో ఆంథొనీ హొరోవిట్జ్ రాసిన కుర్ర గూఢచారి అలెక్స్ రైడర్ లాంటివాడు తెలుగు పిల్లలకి వాళ్లదే అయినవాడు ఒకడు ఉండాలని, అది పది పుస్తకాల పాటు సాగాలని నీకున్న పట్టుదల చూసి చాలా సంతోషం వేసింది. పాకెట్ డిటెక్టివ్ నవలలు రాసి సంసారం నడిపినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది దాచుకోకుండా చెబుతాను.

నీ కుర్రాడు కరాటేలో బ్లాక్ బెల్ట్. ఎవరి కంప్యూటర్‌లోకైనా దూరిపోతాడు. మొదటి పేజీలోనే పిస్తోలుతో జ్యూరిక్‌లో దిగాడు. ఢిల్లీ నుంచి ఫోన్ రావడం ఆలస్యం, సంబరంగా బయల్దేరాడు. ఆ సంబరం దగ్గరే నాకు పేచీ. ఆ పని మీద మోజున్న కుర్రాడితో ఒక పుస్తకం లాగించవచ్చు, పది లాగించలేవు. మూడో పుస్తకానికే చదివేవాడికి వాడి గురించి బెంగ పోతుంది.

ఆంథొనీ హొరోవిట్జ్ ఏం చేశాడో మళ్లీ ఒకసారి చూడు. స్టార్మ్‌బ్రేకర్ అనే మొదటి పుస్తకం వచ్చింది 2000లో. అందులో అలెక్స్‌కి పద్నాలుగేళ్లు. అమ్మా నాన్నా లేరు, పెంచిన ఇయాన్ రైడర్ చనిపోయాడు. బ్రిటన్ గూఢచారి సంస్థ ఎం.ఐ.6లో అలన్ బ్లంట్ అనే పెద్దమనిషి వాణ్ని పిలిచి పనిలో దిగమంటాడు. వాడు దిగనంటాడు. అప్పుడు బ్లంట్ తుపాకీ చూపించడు, గొంతు కూడా పెంచడు. ఇంట్లో వాణ్ని కనిపెట్టుకుని ఉన్న జాక్ స్టార్‌బ్రైట్ అమెరికా అమ్మాయి కదా, ఆమె వీసా ఇక కొనసాగదనీ, వాణ్ని ఏదో సంస్థలో చేర్పించాల్సి వస్తుందనీ నెమ్మదిగా చెబుతాడు. కుర్రాడు లొంగిపోతాడు. ఆ సిరీస్ అంతటికీ పునాది అక్కడ పడింది. దేశాన్ని కాపాడుతున్న పెద్దలే ఒక పిల్లవాడికి అన్యాయం చేస్తున్నారు. ఆ సంగతి వాడికీ తెలుసు, వాళ్లకీ తెలుసు, చదివేవాడికీ తెలుసు. శత్రువు పుస్తకానికొకడు మారతాడు, ఈ అన్యాయం మాత్రం మారకుండా పేరుకుపోతూ ఉంటుంది. హొరోవిట్జ్ తర్వాత్తర్వాత జేమ్స్ బాండ్ నవలలు కూడా రాశాడు. బాండ్‌కి అది ఉద్యోగం, ఇష్టపడి చేస్తాడు. అలెక్స్‌కి అది శిక్ష. ఆ తేడా అంత బాగా తెలుసు కాబట్టే రెండూ రాయగలిగాడు.

దీనికి సాక్ష్యం కావాలంటే 2013లో వచ్చిన రష్యన్ రౌలెట్ తియ్యి. అది అలెక్స్ కథ కాదు, ఇయాన్‌ని చంపిన యాసెన్ గ్రెగరోవిచ్ బాల్యం. వాడి ఊరు నాశనమైపోయినప్పుడు వాడికీ పద్నాలుగేళ్లే. వాడు కూడా పెద్దల చేతుల్లో పడ్డాడు, వాళ్లు వాణ్ని హంతకుణ్ని చేశారు. ఒకే వయసు పిల్లలిద్దరిని పక్కపక్కన నిలబెట్టాడు రచయిత. ఆ పుస్తకం చదివాక మొదటి భాగాలన్నిటి బరువూ పెరిగింది నాకు.

మన పిల్లలకి ఈ అన్యాయం అర్థం కాదనుకోకు. మన పిల్లలకే ఎక్కువ అర్థమవుతుంది. విజయవాడలో ఇంటర్ చదువుతూ రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఉన్న పిల్లవాణ్ని అడుగు. ఏ గ్రూపు తీసుకోవాలో వాడు తేల్చలేదు, ఎన్ని గంటలకి లేవాలో వాడు తేల్చలేదు, ఫోన్ వార్డెన్ దగ్గర ఉంది, ఔటింగ్ ఎప్పుడో పెద్దలే చెబుతారు. అన్నీ నీ మంచికే అంటారు. నీ కుర్రాణ్ని జ్యూరిక్ నుంచి తీసుకొచ్చి ఆ హాస్టల్లో పెట్టు. నీ సిరీస్‌కి కావలసినదంతా అక్కడే దొరుకుతుంది.

ఎలాగంటావా? అలెక్స్ ఒక్కో పని ముగించుకుని బ్రూక్‌లాండ్ స్కూలుకి తిరిగొస్తాడు. జ్వరం వచ్చిందనో మరోటనో చీటీలు చూపిస్తారు. పాఠాలు వెనకబడతాయి, తోటివాళ్లు అనుమానంగా చూస్తారు, నిజం చెప్పుకోవడానికి లేదు. లోకాన్ని కాపాడొచ్చిన పిల్లవాడు హోంవర్కు కోసం తంటాలు పడుతుంటే చదివేవాడికి గుండె కలుక్కుమంటుంది. నీ కుర్రాడికైతే ఇంకా కష్టం. స్టడీ అవర్‌లో హాజరు వేస్తారు, లేకపోతే ఇంటికి మెసేజ్ వెళుతుంది, అరగంటలో వాళ్ల నాన్న ఫోన్ చేస్తాడు. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు. శత్రువుని తప్పించుకోవడం కన్నా వార్డెన్ కన్నుగప్పి గేటు దాటడం గురించి నువ్వు ఎక్కువ ఆలోచించాలి. దాన్ని పదిహేనేళ్ల పాఠకుడు క్షణంలో పట్టేస్తాడు. అది నమ్మితే ఆ తర్వాత నువ్వు చెప్పే హెలికాప్టర్ కూడా నమ్ముతాడు.

వయసు ఒక ఏడాది తగ్గించు, పదిహేను చాలు. పిస్తోలు తీసెయ్యి. అలెక్స్‌కి పరికరాలిచ్చే స్మిదర్స్ మొదటి పుస్తకంలో వాడికి తుపాకీ ఇవ్వడు, చిన్నవాడివని చెబుతాడు. ఒక యోయో, మొటిమల క్రీము, గేమ్ బాయ్ అనే చేతి వీడియో గేమ్ ఇస్తాడు. యోయోలో గట్టి నైలాన్ తాడు, క్రీము లోహాన్ని తినేస్తుంది. ఆ వయసు పిల్లవాడి జేబులో ఉండే వస్తువులే అన్నీ. మన వాడి దగ్గర జామెట్రీ బాక్స్, ఐడీ కార్డు ట్యాగు, స్టీలు వాటర్ బాటిలు ఉంటాయి. వాటితో ఏం చేయించగలవో కూర్చుని ఆలోచించు. పాయింట్ బ్లాంక్‌లో అలెక్స్ ఇస్త్రీ బల్లని స్నోబోర్డులా చేసుకుని ఆల్ప్స్ కొండ దిగుతాడు చూడు, పిల్లలకి అలాంటివే గుర్తుంటాయి.

కరాటే విషయం. వాడికి విద్యలు రావడం తప్పు కాదు, ఎందుకు వచ్చాయో చెప్పకపోవడం తప్పు. అలెక్స్‌కి స్కీయింగ్, డైవింగ్, కొండలెక్కడం, భాషలు అన్నీ ఇయాన్ నేర్పించాడు. సెలవుల్లో సరదా అనుకున్న ఆ రోజులన్నీ తనని తయారు చెయ్యడానికేనేమో అని వాడికి తర్వాత తడుతుంది. ప్రేమగా పెంచిన మనిషి మీద కూడా అనుమానం పుట్టించాడు రచయిత, ఎంత సాహసం! నీ కుర్రాడికి కృష్ణలో ఈత ఎవరు నేర్పారు, ఎందుకు నేర్పారు? ఆ జవాబు మొదటి పుస్తకంలో చెప్పకు. మూడోదానికి దాచు.

మొదటి అధ్యాయం ఎలా మొదలుపెట్టాలని అడిగావు. పేలుడుతో వద్దు. స్టార్మ్‌బ్రేకర్‌లో తెల్లవారుజామున పోలీసులు తలుపు తట్టి, కారు ప్రమాదంలో ఇయాన్ పోయాడని, సీటు బెల్టు పెట్టుకోలేదని చెబుతారు. బెల్టు పెట్టుకోనిదే బండి కదలనివ్వని మనిషి ఆయన. ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసే ఆ చిన్న అలవాటు దగ్గర అనుమానం పుట్టింది. ఆ అనుమానం పట్టుకుని వెళితే తుక్కు యార్డులో కారు, కారుకి గుళ్ల రంధ్రాలు. నీ కథలో పోయిన మనిషి అలవాట్లు రాసుకో. రాత్రి పాలు తాగనిదే పడుకోని మనిషా, చెప్పులు గుమ్మానికి ఎడమవైపే విడుస్తాడా? అందులో ఒకటి తప్పితే చాలు, కథ నడుస్తుంది.

శత్రువు సంగతి. నీ వాడు లోకాన్నంతా ఏలాలంటున్నాడు. ఎందుకు? స్టార్మ్‌బ్రేకర్‌లో హెరోడ్ సేల్ అనేవాడు బ్రిటన్ బడులన్నిటికీ కంప్యూటర్లు ఉచితంగా ఇస్తానని వాటిలో మశూచి లాంటి వైరస్ దాస్తాడు. కారణం ఏమిటి, చిన్నప్పుడు బడిలో వాణ్ని ఏడిపించిన కుర్రాడు పెద్దయి ప్రధానమంత్రి అయ్యాడు. పథకం ఎంత పెద్దదైనా గాయం అంత దగ్గరగా ఉండాలి. స్కెలిటన్ కీలో సారోవ్‌కి కొడుకు పోయాడు, అందుకని అలెక్స్‌నే కొడుకుగా పెంచుకోవాలనుకుంటాడు. నాకు ఆ సిరీస్‌లో అందరికన్నా బాగా నచ్చిన శత్రువు అతనే, అతని మీద జాలి కూడా వేస్తుంది కాబట్టి.

ఇక స్థలం. దీని మీద నాకు కొంచెం పట్టింపు ఉందమ్మా. క్రొకొడైల్ టియర్స్ మొదట్లో చెన్నైలో అణు విద్యుత్ కేంద్రంలో పేలుడు ఉంది. అక్కడితో దక్షిణ భారతం పని అయిపోయింది, కథ వేరే దేశాలకి వెళ్లిపోయింది. ఆయన ఊరు లండన్, ఆయన కథ అక్కడినుంచే లోకాన్ని చూస్తుంది, అందులో తప్పేమీ లేదు. మన ఊరినుంచి లోకాన్ని చూసే కథ మాత్రం మనమే రాసుకోవాలి. నీకు జ్యూరిక్ ఎందుకు? ప్రకాశం బ్యారేజీ ఉంది, 70 గేట్లు. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకుని, వాటిని ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలు, కౌంటర్ వెయిట్లు, దెబ్బతిన్న సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అదే వారంలో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది. నీటిమీద ఊరు, రైల్వే జంక్షను, అవతల ఒడ్డున ఉండవల్లి గుహలు, ఇటు ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం, కొండపల్లి కోట. నడిచి చూసి రాయి. బ్యారేజీ మీద ఏ పూట ట్రాఫిక్ ఎలా ఉంటుందో, బందరు కాలువ పక్కన రాత్రి దీపాలు ఎక్కడిదాకా వెలుగుతాయో నోట్‌బుక్‌లో రాసుకో.

నీ కుర్రాణ్ని పంపేది 'రా' అని రాశావు. 'రా' 1968లో పుట్టింది, దాని పని దేశం బయట. దేశం లోపల జరిగేది ఐ.బి. అనే నిఘా సంస్థ చూస్తుంది. హొరోవిట్జ్ ఎం.ఐ.6లో స్పెషల్ ఆపరేషన్స్ అని ఒక విభాగం పెట్టి, లివర్‌పూల్ స్ట్రీట్‌లో బ్యాంకు ముసుగు వేశాడు. నువ్వూ చిన్న కల్పిత విభాగం పెట్టుకో. గవర్నర్‌పేటలో ఎల్‌ఐసీ ఏజెంట్ల ఆఫీసులా కనిపించే ఒక మేడమీద గది చాలు. అప్పుడు అసలు సంస్థల నియమాలు నీ చేతులు కట్టెయ్యవు.

మేము రాసిన రోజుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి గూఢచారి షాడో రాజ్యమేలారు. అద్దె పుస్తకాల షాపుల్లో ఒక్కో కాపీ చిరిగిపోయేదాకా తిరిగేది. ఆ వీరులు పెద్దవాళ్లు, ఏళ్లు గడిచినా ఇబ్బంది లేదు. నీ వాడు పెరిగే పిల్లవాడు. అలెక్స్ 2000లో పద్నాలుగేళ్లవాడు, 2011లో వచ్చిన స్కార్పియా రైజింగ్‌లో పదిహేనేళ్లవాడు. పదకొండేళ్లు రాసినది కథలో ఏడాది పైచిలుకు మాత్రమే. అందుకని మొదటిరోజునుంచే ఒక క్యాలెండర్ పెట్టుకో. దసరా ఎప్పుడు, ఇంటర్ పరీక్షలు ఎప్పుడు, ఏ గాయం ఎన్నాళ్లకి మానింది, అన్నీ అందులో ఉండాలి. అంతకు చాలా ముందు వచ్చిన స్కార్పియా అనే పుస్తకం చివర తుపాకి గుండు తగిలిన అలెక్స్ తర్వాతి పుస్తకం మొదట్లో ఆసుపత్రి మంచం మీదే ఉంటాడు. దెబ్బ తగిలితే అలా ఉండాలి.

ఒక్కచోట మాత్రం ఆయన దారిన వెళ్లొద్దు. స్కార్పియా రైజింగ్‌లో జాక్ పోయింది. కథ అక్కడ ముగిసిందనుకున్నాం. 2017లో నెవర్ సే డైలో ఆమె బతికే ఉందని తేలింది. కొత్త పుస్తకం చేతికొచ్చిందని ఆనందపడ్డాను, 2023లో నైట్‌షేడ్ రివెంజ్ దాకా వదలకుండా చదివాను కూడా. అయినా జాక్ కోసం బాధపడ్డ పిల్లల దుఃఖాన్ని అలా వెనక్కి తీసుకోకూడదని నా అభిప్రాయం. నీ కథలో ఎవరినైనా చంపేముందు నెల రోజులు ఆగు. చంపాక మాత్రం తిరిగి తీసుకురాకు.

భాష బాగానే ఉంది. సంభాషణల్లో పిల్లలు ఇంకా పుస్తకంలా మాట్లాడుతున్నారు. హాస్టల్ పిల్లలు ఎలా మాట్లాడతారో నీకు నాకన్నా బాగా తెలుసు, అలాగే రాయి. అధ్యాయాల నిడివి సగానికి తగ్గించు.

మొదటి అధ్యాయం కొత్తగా రాసి దసరాలోపు పంపు. మిగతా రెండూ ఇప్పుడు ముట్టుకోకు. కాగితానికి ఒకవైపే ప్రింటు తీయించు, పక్కన నాలుగు వేళ్ల మార్జిన్ వదులు, నాకు రాయడానికి చోటుండాలి. వచ్చేటప్పుడు మీ నాన్నని కూడా తీసుకురా, పిన్ని రమ్మంటోంది.

ఆశీస్సులతో,
మీ బాబాయ్