ఇంటి తిండి మీద బెంగ పడితే చైనాటౌన్‌కి పోతాను

"సింగపూర్‌లో ఉండే తెలుగువాళ్లు ఇంటి తిండి మీద బెంగ పడితే ఎక్కడికెళ్లి తింటారు?" అని కదా ప్రశ్న. సెరంగూన్ రోడ్డులో ఫలానా మెస్, రేస్‌కోర్స్ రోడ్డులో ఫలానా బిర్యానీ అని చెప్పేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు, ఆ సంగతి వాళ్లనడగండి. నేనైతే చైనాటౌన్ కాంప్లెక్స్ మెట్లెక్కి, రెండో అంతస్తులో కాంటనీస్ వాళ్ల, అంటే దక్షిణ చైనా వాళ్ల, గంజి అమ్మే కొట్టు ముందు నిలబడతాను. నాలుగైదు డాలర్లతో పనైపోతుంది. వేళాకోళానికి చెప్పట్లేదు.

పరాయి దేశంలో మన హోటళ్లు అమ్మేది పెళ్లి భోజనం. నెయ్యి కారే పొడి దోసె, జీడిపప్పు కూర, ఉలవచారు బిర్యానీ, ఎర్రరంగు కలిపిన నాలుగు రకాల వేపుళ్లు. రోజూ ఇంట్లో ఇవెవరు తింటున్నారండీ? మాది విజయనగరం దగ్గర పల్లె. మా ఇంట్లో మామూలు రోజంటే వేడన్నం, ఒక కూర, పల్చటి చారు, చివర్లో మజ్జిగ. ఒంట్లో బాగోకపోతే గంజి. ఎండాకాలం చోడి అంబలి. పదిహేను డాలర్లు పోసి కొన్న మీల్స్‌లో చారు ఉంటుంది, కాదనను. దాని మీద కూడా నూనె తేలుతుంటుంది. తిన్నాక ఇంటి మీద బెంగ అలాగే ఉంటుంది, పైగా గుండెల్లో మంట. నేను బెంగపడేది ఆ మామూలు రోజు తిండి మీద. దాన్ని మాత్రం మనవాళ్లెవరూ అమ్మరు, ఎందుకంటే మామూలు తిండికి డబ్బులు పెట్టడం మనకి నామోషీ.

చైనా తిండి అనగానే చాలామందికి గోబీ మంచూరియా కళ్ల ముందు ఆడుతుంది. దానికి మూలమైన చికెన్ మంచూరియా 1970ల్లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటాయన చేతిలో పుట్టిందంటారు, చైనాలో అడిగితే మొహాలు చూసుకుంటారు. కాంటనీస్ వంట అసలు దారే వేరు. గ్వాంగ్‌జౌ, హాంకాంగ్ వైపు తిండి అది. కారం దాదాపు ఉండదు. అల్లం, ఉల్లికాడ, సోయా, తెల్ల మిరియాల పొడి, పైన రెండు చుక్కలు నువ్వుల నూనె. మనవాళ్లు ఒక్క ముద్ద తిని "రోగిష్ఠి కూడులా ఉంది" అని పక్కకి నెట్టేస్తారు. కారం లేకపోతే రుచి లేదనుకునే జబ్బు మనకి ఎప్పుడు పట్టుకుందో గానీ, మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువాళ్లతో వచ్చిందే. అంతకుముందు మన ముత్తాతల ముత్తాతలు మిరియాలతోనే కదా గడిపింది!

సరే, కొట్టు సంగతికి వస్తాను. ఒక శనివారం, ఇంకా పూర్తిగా తెల్లారలేదు. రాత్రంతా ఆఫీసులో రిలీజ్ పనిలో కూర్చుని, మధ్యలో ఎవరో తెప్పించిన పిజ్జా తిని, పుల్లటి తేన్పులతో బయటపడ్డాను. చైనాటౌన్ స్టేషన్‌లో పైకొచ్చేసరికి కుండపోత వాన. తలదాచుకోవడానికి కాంప్లెక్స్‌లో దూరాను. కింద చేపలూ కూరగాయల మార్కెట్, పైన వంట కొట్లు. రెండొందలకి పైనే ఉంటాయి, ఇంత పెద్ద హాకర్ సెంటర్, అంటే చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే చోటు, సింగపూర్‌లో ఇంకోటి లేదు. ఆ వేళకి చాలా షట్టర్లు మూసే ఉన్నాయి. తెరిచిన వాటిలో ఒకదాని ముందు మాత్రం అందరూ ముసలివాళ్లే వరసకట్టి ఉన్నారు. పొద్దున్నే ముసలివాళ్లు వరసకట్టిన చోట తిండి బాగుంటుందనేది నా సిద్ధాంతం. విజయనగరంలో ఇడ్లీ బండికీ ఇదే వర్తిస్తుంది, ఇక్కడా ఇదే.

కొట్టులో ఇద్దరే, ఆంటీ, ఆవిడ భర్త. ఆయన మాట్లాడడు. తల వంచుకుని చేపని కాగితమంత పల్చగా కోస్తూ ఉంటాడు. ఆవిడ పక్కన నడుమెత్తు గుండిగ. అందులో బియ్యం ఎప్పట్నుంచి ఉడుకుతోందో గానీ గింజ ఆనవాలు లేదు, తెల్లగా చిక్కగా తిరుగుతోంది. కాంటనీస్ వాళ్లు కడిగిన బియ్యానికి కాస్త నూనె, ఉప్పు పట్టించి కాసేపు ఉంచుతారు, అప్పుడు గింజ త్వరగా విచ్చుకుంటుంది. పంది ఎముకలు, సోయా పాల మీగడ ఎండబెట్టిన రేకులు కూడా అందులోనే వేస్తారు చాలామంది. ఎవరైనా అడగ్గానే ఆవిడ రెండు గరిటెలు తీసి పిడి ఉన్న చిన్న గిన్నెలో పోసి, భగ్గుమనే మంట మీద పెట్టి, నానబెట్టిన మాంసం కైమాని చెంచాతో చిన్న చిన్న ముద్దలుగా జారవిడుస్తుంది. తినే గిన్నెలో ముందే పచ్చి గుడ్డు కొట్టి ఉంచుతుంది. బుడగలొస్తున్న గంజి దాని మీద పోస్తుంది. గుడ్డు అడుగునే ఉడుకుతుంది, ఎవరూ తాకరు. పైన సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు. ఇదంతా రెండు నిమిషాల్లోపే.

నా ముందు పెద్దాయన ఏం తీసుకున్నాడో అదే కావాలని వేలు చూపించాను. సెంచరీ ఎగ్, పంది మాంసం. సెంచరీ ఎగ్ అంటే బాతు గుడ్డుని సున్నం, బూడిద, ఉప్పు, టీ కలిపిన మిశ్రమంలో వారాల తరబడి మాగబెట్టింది. తెల్లసొన వట్టి బెల్లం పాకం రంగులోకి తిరిగి, అవతలివైపు కనబడేలా వణుకుతుంటుంది. పచ్చసొన ముదురాకుపచ్చగా, మెత్తగా, చుట్టూ బూడిదరంగు అంచుతో. వాసన కొంచెం ఘాటుగానే ఉంటుంది, దాచడమెందుకు. గంజిలో పడ్డాక ఆ ఘాటు సగానికి సగం తగ్గి, పచ్చసొన కరిగి చుట్టూ ఉప్పదనం దించుతుంది.

ఖాళీ బల్ల లేదు. ఆ పెద్దాయన తన బల్ల దగ్గరే ఎదుటి స్టూలు చూపించాడు. కూర్చోగానే నా చెయ్యి అలవాటుగా ఎర్ర మిరప ముక్కల గిన్నె మీదకి పోయింది. ఆయన చెంచా పైకెత్తి "నో, నో, నో" అన్నాడు. మిరియాల డబ్బా నా వైపు తోశాడు. నేను మధ్యలో చెంచా ముంచబోతే మళ్లీ ఆపి, గిన్నె అంచు చుట్టూ వేలు తిప్పి చూపించాడు. పైపైన, అంచు నుంచి, కొంచెం కొంచెం తీసుకోవాలట. మా నాయనమ్మ నోటితో చెప్పేది ఆయన వేలితో చెప్పాడు, అంతే తేడా. పక్కన ప్లేటులో ఆంటీ కత్తెరతో కత్తిరించి ఇచ్చిన యూచార్‌క్వే ఉంది, అంటే నూనెలో పొంగిన పొడుగాటి పిండి కడ్డీ. ఆ తర్వాత పెద్దాయన అందులోంచి రెండు ముక్కలు నా గిన్నెలో పడేసి "ఫాస్ట్, ఫాస్ట్" అన్నాడు. పైన నానాలి, లోపల కరకరలాడాలి. ఆలస్యం చేస్తే రెండూ పోతాయి. అల్లం ముక్క పంటి కింద పడినప్పుడు మాత్రమే నోరు కాస్త ఉలిక్కిపడుతుంది. మిగతాదంతా వేడి, ఉప్పు, మెత్తదనం. సగం గిన్నె అయ్యేసరికి పిజ్జా తేన్పులు ఆగాయి. మందుబిళ్లతో పని లేదు, గంజిని మించిన మందు లేదు, డాక్టర్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

ఈ సంగతి వీడియో కాల్‌లో చెప్తే మా అమ్మ, "గంజి తాగడాకి సింగపూర్ ఎల్లాలేట్రా?" అంది. ఫోటో చూపించాక, "గుడ్డు నల్లగా ఉందేటి, పాడైపోనాదేమో సూడు" అంది. ఆ గుడ్డు గురించి ఇప్పటికీ ఆవిడకి అనుమానమే.

ఇంకోటి, ఇక్కడ గంజిలోనూ రకాలున్నాయి. చైనావాళ్లలోనే ఇంకో ప్రాంతంవాళ్లైన టియోచ్యూ వాళ్ల గంజిలో గింజ గింజగానే ఉంటుంది, పల్చటి నీళ్లు, పక్కన ఉప్పుచేప, ఆవకూర ఊరగాయ. కోనసీమవాళ్లని తీసుకెళ్లి కూర్చోబెడితే తరవాణి అన్నం దొరికిందని మురిసిపోతారు. కాంటనీస్‌లో గింజ పూర్తిగా కరగాలి. ఏది గొప్పదని అడిగితే కాంటనీస్‌దే. బియ్యం వండటం ప్రపంచంలో వాళ్లకొచ్చినంతగా ఎవరికీ రాదు, మనకి కూడా. తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి.

ఇది కూలీల తిండి. చైనాటౌన్‌లో ఆ క్రెటా ఆయర్ పేట మొదట్నుంచీ కాంటనీస్ వాళ్లది. దక్షిణ చైనాలోని సంసూయి నుంచి వచ్చిన ఆడవాళ్లు తలకి ఎర్ర గుడ్డ చుట్టుకుని, ఇటుకలు మోసి ఈ ఊళ్లో ఇళ్లు కట్టారు, వాళ్లు బతికింది ఆ సందుల్లోనే. తిండి బళ్లన్నీ అప్పట్లో వీధుల్లోనే ఉండేవి. 1983లో ఈ కాంప్లెక్స్ కట్టి, బళ్లవాళ్లని లోపలికి తెచ్చారు. నీళ్ల కొళాయి వచ్చింది, మురుగు కాలువ వచ్చింది, పైకప్పు వచ్చింది. మన మున్సిపాలిటీలు తోపుడు బళ్లని లారీలో ఎత్తుకుపోవడం ఒక్కటే నేర్చుకున్నాయి గానీ, ఎత్తాక ఎక్కడ పెట్టాలో నేర్చుకోలేదు. ఈ విషయం మీద రాయాలంటే ఇంకో జవాబు అవుతుంది, వదిలేస్తున్నా.

అదే పై అంతస్తులో సోయాసాస్ కోడి అన్నం అమ్మే కొట్టుకి 2016లో మిషెలిన్ స్టార్, అంటే హోటళ్లకిచ్చే పేరున్న గుర్తింపు, వచ్చింది, 2021లో పోయింది. స్టార్ వచ్చినప్పుడు పర్యాటకులంతా దాని ముందే. నా గంజి కొట్టుకి స్టార్ లేదు, రాకూడదని నా కోరిక. 2020లో యునెస్కో సింగపూర్ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది. బాగానే ఉంది. కానీ రాత్రి సగంలో లేచి ఆ గుండిగ పొయ్యి మీద పెట్టడానికి ఎవరు ముందుకొస్తున్నారు? ఆ ఆంటీకి ఒక మనవరాలుంది, సెలవుల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. పాత ఖాతాదార్లు కాంటనీస్‌లో అడిగితే ఆ పిల్లకి అర్థం కాక నాయనమ్మ వైపు చూస్తుంది. 1979 నుంచి ఇక్కడి చైనా మూలాలవాళ్లంతా మాండరిన్, అంటే చైనా అధికార భాష, మాట్లాడాలని ప్రభుత్వం ప్రచారం చేసింది కదా, ఇంటి భాషలు అలా జారిపోయాయి. నేను నవ్వడానికేం లేదు. ఇక్కడి స్కూళ్లలో భారతీయ భాషలు ఆరు చదువుకోవచ్చు, అందులో తెలుగు లేదు. మా పాప హిందీ చదువుతోంది, నాతో "చాలు నాన్నా" అనడం తప్ప మిగతాదంతా ఇంగ్లీషే.

కొందరు "అదే గంజి మాల్‌లో ఏసీ ఫుడ్ కోర్టులో దొరుకుతుంది కదా" అంటారు. దొరుకుతుంది. రెండు డాలర్లు ఎక్కువ, రుచి సగం. తెర మీద బొమ్మ నొక్కితే చీటీ వస్తుంది, నంబరు మోగితే గిన్నె వస్తుంది. అల్లం ఎక్కువ వెయ్యమని ఎవరికి చెప్పాలి, ఆ తెరకా? ఇక్కడైతే నన్ను చూడగానే ఆంటీ "జింజర్ మోర్" అని తనే అనేసి, తనే వేసేస్తుంది. పైసా అదనం తీసుకోదు.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. పంది మాంసం తినని వాళ్లు "ఫిష్ పోరిడ్జ్ తీసుకుంటే సరిపోతుంది" అనుకోకండి. పల్చని చేప ముక్కల మీద వేడి గంజి పోస్తే ఆ వేడికే ఉడుకుతాయి, చాలా బాగుంటుంది కూడా, కానీ ఆ గంజి ఉడికింది ఎముకల నీళ్లలోనే అయ్యుండొచ్చు. అడిగి తీసుకోండి, ఆంటీలు ఏమీ అనుకోరు. శాకాహారులు అదే అంతస్తులో శాకాహారం కొట్టు వెతుక్కోవడం మేలు. గంజి పొద్దుటి పూట సరుకు, మధ్యాహ్నానికి గుండిగ అడుగు కనపడుతుంది. సాయంత్రం వెళ్తే క్లేపాట్ అన్నం తినండి, బొగ్గుల మీద మట్టిపాత్రలో పచ్చి బియ్యం దగ్గర్నుంచి వండి ఇస్తారు, అరగంట పైనే పడుతుంది, అడుగున మాడు మాత్రం వదలకండి. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి, 2021 నుంచి అది తప్పనిసరి.

పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా అటువైపు పోకండి. చుట్టుపక్కల ఆఫీసులన్నీ ఒక్కసారి దిగుతాయి. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్లిపోతే ఆ చోటు వాళ్లదేనట, ఇక్కడి పద్ధతి. వేడి గిన్నె చేతిలో పట్టుకుని, మనుషుల్లేని బల్లల మధ్య ఆ ప్యాకెట్లని చూస్తూ తిరగాల్సొస్తుంది. ఒకసారి ఎవరో టిష్యూ కూడా కాదు, అరిగిపోయిన బాల్ పెన్ను ఒకటి పెట్టి నాలుగు స్టూళ్లు పట్టుకున్నారు. నేను ఆ పెన్ను పక్కకి జరిపి కూర్చుని తినేశాను.