పెద్దల విజువల్ నావెల్ గేమ్‌లు: 'వద్దు' నొక్కి చూడండి

(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు. ఈ వారం పేజీ 18 ఏళ్లు నిండినవారికి మాత్రమే.)

ప్రశ్న: స్నేహితుడు చెప్తే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల అంగడిలో ఒక పెద్దల విజువల్ నావెల్ కొన్నాను. బొమ్మలు బాగున్నాయి గానీ ఆడేదేమీ లేదు, చదవడమే. మూడు గంటలకే విసుగొచ్చింది. మంచిదో కాదో ముందే తెలుసుకునే దారి ఉందా?
– పేరు వేయొద్దన్న పాఠకుడు, తిరుపతి

జవాబు: చదవడమే ఈ ఆట. వెనక బొమ్మ, కింద పెట్టెలో మాటలు, అక్కడక్కడా రెండు మూడు దారులిచ్చి ఎంచుకోమంటుంది. అంతే. కాబట్టి రాత బాగాలేకపోతే దాన్ని ఇంకేదీ నిలబెట్టలేదు. మీకు విసుగొచ్చింది చదవడం వల్ల కాదు, చదివించే సరుకు అందులో లేకపోవడం వల్ల.

ఈ రకానికున్న అసలు బలం నిడివి. ఒక పాత్రతో ఐదారు గంటలు గడుపుతాం. ఆమె దేనికి నవ్వుతుందో, ఏ మాటకు ముడుచుకుంటుందో తెలిశాక వచ్చే సన్నిహిత దృశ్యానికి బరువుంటుంది. మొదటి అరగంటలోనే అలాంటి దృశ్యం పెట్టేసిన గేమ్‌కు ఆ తర్వాత చెప్పడానికేమీ మిగలదు. ఎక్కువ గేమ్‌లు చెడేది ఇక్కడే.

మొదటి పరీక్ష: దగ్గరవడానికి అవకాశమిచ్చిన చోట 'వద్దు' అన్నది నొక్కండి. మంచి రాతలో కథ ఇంకో దారి పడుతుంది, ఆ పాత్ర దాన్ని గుర్తుంచుకుని తర్వాతెప్పుడో ఎత్తిపొడుస్తుంది. నాసిరకం దాంట్లో ఆట అక్కడే ముగుస్తుంది, లేదంటే 'సరే' అనేదాకా అదే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతుంది. రెండో రకమైతే ఇంకో అధ్యాయం దాకా ఆగాల్సిన పనిలేదు, తీసేయండి.

రెండోది: ఏదైనా ఎంపిక దగ్గర సేవ్ చేసుకుని ఒక దారిలో పది నిమిషాలు చదవండి. తిరిగి లోడ్ చేసి రెండో దారి చూడండి. రెండూ త్వరగా ఒకటైపోయాయని కోప్పడకండి. పది చోట్ల రెండేసి దారులిచ్చి, వేటికవి విడిగా నడిపితే 1024 ముగింపులు రాయాలి. అది ఎవరి వల్లా కాదు. దారులు కలవడం తప్పు కాదు. కలిశాక మీరన్న మాట ఎవరికీ గుర్తులేకపోతేనే ఆ ఎంపిక ఉత్తుత్తిది.

ఇక తరచూ కనిపించే లోపాలు. దాచిన మార్కులు ఒకటి: ఫలానా పాత్రకు మీమీద 7 మార్కుల ఇష్టం ఉంటేనే దృశ్యం తెరుచుకుంటుంది, కానీ ఆ అంకె ఎక్కడా చూపించరు. మూడు గంటల కిందట చేసిన చిన్న తప్పుకు ఇప్పుడు శిక్ష పడుతుంది. ఆడేవాళ్లు కథ వదిలేసి, ఏ ఎంపికకెంతో చెప్పే వాక్‌త్రూ పక్కన పెట్టుకుంటారు. అప్పుడది పరీక్షలో చీటీ పెట్టి రాసినట్టే. ఇంకొకటి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని రోజును ముక్కలు చేసి, అవే గదుల చుట్టూ తిప్పే పద్ధతి. నిడివి పెంచడానికి తప్ప దేనికీ పనికిరాదు. బొమ్మల సంగతికొస్తే, చాలామంది డాజ్ స్టూడియో అనే 3డి బొమ్మల సాఫ్ట్‌వేర్‌కు రెడీమేడ్ శరీరాలు, జుట్లు, గదులు కొని వాడతారు. నాలుగు గేమ్‌లు చూస్తే అదే సోఫా, అదే ముఖం.

ఇంకా పూర్తికాని గేమ్‌లు చాలానే అమ్ముతుంటారు. పేరు పక్కన 0.4, 0.6 లాంటి వెర్షన్ అంకె ఉంటే సాధారణంగా కథ ఇంకా పూర్తికాలేదని అర్థం. చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో చూసి కొనండి. స్టీమ్‌లోనైతే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. మీరు ఆ గీత దాటేశారు. ఇకమీదట పై రెండు పరీక్షలూ మొదటి గంటలోనే పెట్టండి.

ప్రశ్న: కొత్త వెర్షన్ వేసుకున్నాక పాత సేవ్ తెరిస్తే ఎర్రర్ వస్తోంది. మొదటినుంచీ ఆడాలా? ఇంకో మాట, ఇంట్లో అందరికీ ఒకటే కంప్యూటర్. గేమ్ తీసేసినా ఆనవాళ్లుంటాయా?
– పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఈ గేమ్‌లలో చాలావాటిని రెన్‌పై అనే ఉచిత ఇంజిన్‌తో చేస్తారు. కొత్త వెర్షన్‌లో చేర్చిన లెక్కను (పాత్ర ఇష్టం మార్కుల్లాంటి, ఆట గుర్తుంచుకునే విలువను) కోడ్‌లో 'డిఫాల్ట్' అని ప్రకటించి ఉంటే పాత సేవ్‌కు కూడా అది అందుతుంది. ఆట మొదట్లో నేరుగా విలువ ఇచ్చేసి ఊరుకుంటే, మీ సేవ్ ఆ చోటు దాటి వచ్చేసింది కాబట్టి ఆ పేరే దానికి తెలియదు. తప్పు తయారీదారుది. మీరు చేయగలిగింది, ఇంకా వెనకటి సేవ్‌లు ఒక్కొక్కటే తెరిచి చూడటం. ఇకనుంచి ప్రతి అధ్యాయం మొదట్లో ఒక సేవ్ విడిగా ఉంచుకోండి.

ఆనవాళ్లుంటాయి. విండోస్‌లో సేవ్‌లు గేమ్ ఫోల్డర్‌లోనే కాక, యాప్‌డేటాలో రోమింగ్ కింద రెన్‌పై అన్న ఫోల్డర్‌లో కూడా ఉంటాయి. రెండు చోట్లా తీసేయాలి. అంతకన్నా మీకంటూ వేరే యూజర్ ఖాతా, దానికో పాస్‌వర్డ్ పెట్టుకోవడం సులువు.

ప్రశ్న: ప్లే స్టోర్‌లో ఇవి దొరకడం లేదు. వాట్సాప్ గ్రూపులో వచ్చే ఏపీకే ఫైల్ వేసుకోవచ్చా?
– పాఠకుడు, కుప్పం

జవాబు: వద్దు. లైంగిక దృశ్యాలున్న యాప్‌లను ప్లే స్టోర్ ఒప్పుకోదు కాబట్టి బయటినుంచే తెచ్చుకోవాలి, నిజమే. కానీ తయారీదారు సొంత పేజీనుంచి తీసుకోండి. చేతులు మారిన ఫైల్‌లో ఎవరేం కలిపారో తెలియదు. కథ చదివించే యాప్‌కు కాంటాక్టులతో, ఎస్సెమ్మెస్‌లతో పనిలేదు. అవి అడిగితే వెంటనే తీసేయండి, మీ ఓటీపీలు వచ్చేది అక్కడికే.

గ్రూపులో పంచడం ఇంకా ప్రమాదం. లైంగిక దృశ్యాలను ఎలక్ట్రానిక్‌గా పంపితే ఐటీ చట్టం 67ఎ కింద మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మైనర్లను అలా చూపించేవాటికి 67బి ఉంది. దాని కింద చూడటం, డౌన్‌లోడ్ చేయడం కూడా నేరమే. పాత్రల వయసు మీద అనుమానమొస్తే ఆ గేమ్ జోలికే పోకండి.

ప్రశ్న: గంగ జాతర నేపథ్యంగా తెలుగులో ఒక పెద్దల విజువల్ నావెల్ చేస్తున్నాం. తెలుగు అక్షరాల చోట డబ్బాలొస్తున్నాయి. ఫాంట్ మారిస్తే వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. దృశ్యాలు ఎంతవరకు చూపించవచ్చు?
– ఇద్దరు మిత్రులు, తిరుపతి

జవాబు: డబ్బాలకు కారణం రెన్‌పైతో వచ్చే డెజావు ఫాంట్‌లో తెలుగు లేకపోవడం. వత్తులు విడిపోవడానికి కారణం పాత ఇంజిన్. అక్షరాలను కలిపి కూర్చే హార్ఫ్‌బజ్ అనే భాగం రెన్‌పై 8.2 వెర్షన్‌తో వచ్చింది, అందుకని ముందు ఇంజిన్ మార్చండి. తర్వాత నోటో సాన్స్ తెలుగు ఫాంట్ గానీ, మండలి ఫాంట్ గానీ గేమ్ ఫోల్డర్‌లో వేసి, జీయూఐ ఫైల్‌లో మాటలకు, పాత్రల పేర్లకు, మెనూలకు ఉన్న మూడు ఫాంట్ వరసల్లోనూ దాని పేరు రాయండి. ఒకటి మరిచినా మెనూల్లో డబ్బాలు మిగిలిపోతాయి. 1080 తెరకు అక్షరం సైజు మామూలుగా 33 ఉంటుంది. తెలుగుకు 36 పెట్టి, వరసల మధ్య ఖాళీ కొంచెం పెంచండి. లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. పెట్టెకు మూడు వరసలు దాటనీయకండి.

జాతరలో రోజుకొకటిగా కట్టే వేషాలు మీకు బొమ్మల ఖర్చు తగ్గిస్తాయి. బైరాగి వేషానికి తెలుపు, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటి వేషానికి బొగ్గు నలుపు. ఒకే శరీరం గీసి, లేయర్డ్ ఇమేజ్ పద్ధతిలో పూత, ముఖకవళికలు, ఆభరణాలు వేరువేరు పొరలుగా పెడితే మూడు రోజుల బొమ్మలూ దాన్నుంచే వస్తాయి.

దృశ్యాల మాట. ఆడవాళ్లను చెరిచిన పాలెగాడు, వాడికోసం వేషాలు మార్చుకుంటూ వెతికిన గంగమ్మ: ఈ కథ పుట్టుకతోనే పెద్దలది. దాన్ని పెద్దల కథ చేయడానికి బొమ్మల్లో బట్టలు విప్పనక్కర్లేదు. పాలెగాడి దౌర్జన్యాన్ని వాడి కళ్లతో చూపించి ఆడేవాళ్లను వాడి పక్షాన నిలబెట్టారంటే కథ తలకిందులైనట్టే. శృంగారం కావాలంటే వేషం కట్టే ఈ కాలపు కుర్రాడికీ, అతని ప్రియురాలికీ మధ్య, పాతికేళ్ల వయసు వాళ్లుగా రాసుకోండి. అమ్మవారి వేషంలో ఉన్న పాత్రకూ, గుడి ఆవరణకూ అలాంటి దృశ్యం అంటగట్టకండి. మత మనోభావాలను కావాలని గాయపరచడాన్ని నేరమనే భారతీయ న్యాయ సంహిత 299 సెక్షన్ ఒక కారణం, ఊరివాళ్ల మనసు ఇంకా పెద్ద కారణం. బండ వేషం రోజు తిట్టే బూతులు మాత్రం తీసేయొద్దు, అది జాతర ఆచారమే. వాటిని పుస్తక భాషలో రాస్తే చప్పబడతాయి. 'ఎక్కడికి వెళ్తున్నావు' అని కాకుండా 'యాడికి పోతుండావురా' అనే రాయండి.

అమ్మకం గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి. 2025 జులైలో పేమెంట్ కంపెనీల ఒత్తిడితో స్టీమ్ కొన్ని పెద్దల గేమ్‌లను తీసేసింది, చిన్న తయారీదారుల గేమ్‌లమ్మే ఇచ్.ఐఓ సైట్ తన వెతుకులాటలో అలాంటివి కనబడకుండా చేసింది. సెట్టింగ్స్‌లో ఒక మీట పెట్టి, అది ఆపితే శృంగార దృశ్యం దాటి కథ ముందుకు పోయేలా ఇప్పుడే రాసుకోండి. ఆ దృశ్యాలన్నీ విడి ఫైల్‌లో ఉంచితే, అవి లేని రెండో కాపీ తయారుచేయడం ఒక పూట పని.