కాలర్ తగిలించాకే ఫోను ఎత్తు

చిరంజీవి అమ్మలుకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోనులో నీ సంగతి చెప్పింది. బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసుకుంటూనే, సెలవు రోజుల్లో పాత ఆవిరి బండ్లు నడిపే సెవర్న్ వ్యాలీ రైల్వేలో సిగ్నల్ బాక్సు (మన క్యాబిన్) పని నేర్చుకోవడానికి జీతం లేని వాలంటీరుగా పేరు ఇచ్చావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై నాలుగేళ్ళు క్యాబిన్లలోనూ స్టేషన్లలోనూ గడిపినవాణ్ణి, సిగ్నళ్ళనూ పాయింట్లనూ కదిపేందుకు నేను పట్టుకున్న లీవర్లన్నీ పాత ఇనుము కింద తూకానికి పోవడం కళ్ళారా చూసినవాణ్ణి; అలాంటిది నా మనవరాలు అంత దూరాన మళ్ళీ లీవరు పట్టుకుంటోందంటే ఎంత గర్వంగా ఉంటుందో నువ్వే ఊహించుకో. అర్ధరాత్రి దాకా ఆ గర్వంతోనే మేలుకుని ఉన్నాను. ఆ తరువాత తెల్లవారేదాకా భయంతో మేలుకుని ఉన్నాను.

మీ అమ్మ నువ్వన్న ఇంకో మాట కూడా చెప్పింది. "లీవర్లు ఒకదానికొకటి తాళం పడి ఉంటాయట నాన్నా, తప్పు చేద్దామన్నా చేయనివ్వవట" అంది. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలని కూర్చున్నాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. అడుగు గట్టిగా ఉన్న బూట్లు వేసుకో. డ్యూటీకి పావుగంట ముందే చేరుకో. నిబంధనల పుస్తకం బట్టీ పట్టు. అర్థం చేసుకోవడం పనిలో పడ్డాక వస్తుంది, ముందు మాటలు నోటికి రావాలి. గడియారం సరిచూసుకున్నాకే రిజిస్టరు తెరువు.

లీవరు లాగడం కండబలంతో చేసే పని కాదు. పిడి వెనుక ఉన్న క్యాచ్‌ను ముందు పూర్తిగా నొక్కి, ఒక పాదం ఫ్రేముకు ఆనించి, నడుము వంచకుండా ఒంటి బరువంతా వెనక్కి వాల్చాలి. చేతులతో గుంజావంటే సాయంత్రానికి భుజాలు పడిపోతాయి. పాయింట్లు, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే పట్టాలు; వాటి లీవరు కడ్డీలతో నడుస్తుంది కనుక దాని బరువు రోజూ ఒకలాగే ఉంటుంది. సిగ్నల్ లీవరు అలా కాదు. దానికి ఉండేది తీగ, ఆ తీగ ఎండకు సాగుతుంది, చలికి బిగుస్తుంది, దూరాన ఉన్న డిస్టెంట్ సిగ్నలుకైతే పొద్దున లాగిన బరువు మధ్యాహ్నానికి ఉండదు. మీ లైనులో సిగ్నళ్ళు చాలామటుకు గ్రేట్ వెస్టర్న్ అనే పాత రైలు కంపెనీ పద్ధతివి కనుక చెయ్యి కిందికి వాలితే దారి ఇచ్చినట్టు. మన ఊళ్ళల్లో "సిగ్నల్ పడింది, బండి వస్తోంది" అనేవాళ్ళు చూడు, ఆ పడడం ఇదే. ఆ చెయ్యి సగం వాలి ఆగిపోతే డ్రైవరుకు అది ఏ భాష? అందుకే లాగిన ప్రతిసారీ సిగ్నలు వైపు చూడు. కనబడనంత దూరమైతే బాక్సులో ఆ సిగ్నలు ఎలా ఉందో చూపించే రిపీటరు వైపు చూడు. చూశాకే పక్కకు తిరుగు.

నాలుగేళ్ళ కిందట నేను వచ్చినప్పుడు నువ్వు నన్ను బ్యూడ్లీకి తీసుకువెళ్ళిన రోజు గుర్తుందా? స్టేషనుకు ఆ చివర ఒక బాక్సు, ఈ చివర ఒక బాక్సు. నేను ప్లాట్‌ఫారం చివర నిలబడి అద్దాల వెనుక సిగ్నల్‌మ్యాన్ గుడ్డ పట్టుకుని లీవరు లాగడం చూస్తూ ఉండిపోతే, టీ చల్లారిపోతోందని నువ్వు రెండుసార్లు పిలిచావు. అక్కడి లీవర్ల రంగులు చూశాను: బండిని ఆపే సిగ్నళ్ళకు ఎరుపు, డిస్టెంటుకు పసుపు, పాయింట్లకు నలుపు, పాయింట్ల తాళాలకు నీలం, వాడకంలో లేనివాటికి తెలుపు. మా క్యాబిన్లలోనూ ఇంచుమించు ఇవే రంగులు. 1862లో తెరిచిన ఆ దారిలో ప్రయాణికుల రైళ్ళు 1963లో చాలామటుకు ఆగిపోతే, 1965లో కొందరు సంఘంగా ఏర్పడి, 1970లో బ్రిడ్జ్‌నార్త్ నుంచి హాంప్టన్ లోడ్ దాకా, 1974లో బ్యూడ్లీ దాకా, 1984లో కిడర్‌మిన్‌స్టర్ దాకా, మొత్తం 16 మైళ్ళు తిరిగి బండి నడిపించారని ఆ రోజు నువ్వే నాకు చెప్పావు. ఆ 1984 నాకు కూడా మరపురాని ఏడాదే. దాని గురించే రాయబోతున్నాను.

ముందు నువ్వన్న తాళాల మాట చూద్దాం. 1856లో జాన్ శాక్స్‌బీ పాయింట్లనూ సిగ్నళ్ళనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని ఇంగ్లండులో కంపెనీలన్నీ వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. 1889 జూన్ 12న ఐర్లండులో ఆర్మా దగ్గర, పిల్లలు నిండిన విహారయాత్ర రైలు నుంచి విడదీసిన పెట్టెలు వాలులో వెనక్కి జారి వెనుక వస్తున్న బండిని ఢీకొని, 80 మంది దాకా చనిపోయాకే, ఆ ఏడాదే చట్టం చేసి ఇంటర్‌లాకింగ్ అనే ఆ తాళాలనూ, లైనును సెక్షన్లుగా విడగొట్టి ఒక్కోదానిలోకి ఒక్క బండినే రానిచ్చే బ్లాక్ పద్ధతినీ ప్రయాణికుల లైన్లలో తప్పనిసరి చేశారు. కనుక ఆ తాళాలను నేను తక్కువ చేయడం లేదు. పాయింట్లు పక్కనుండే లూపు లైను వైపు ఉండగా మెయిన్ లైను సిగ్నలు లాగబోతే నేల కింద ఉన్న ఇనుప పట్టీ కదలదు, నీ లీవరు రాదు. అంతవరకూ నువ్వన్నది నిజం. అయితే ఒక లీవరు ఎటు ఉందో ఇంకో లీవరుకు తెలుస్తుంది గాని, పట్టాల మీద ఏముందో ఏ లీవరుకూ తెలియదు తల్లీ. పట్టాల్లో కరెంటు పారించే ట్రాక్ సర్క్యూట్ ఉన్నచోట అదే ఆ సంగతి చెబుతుంది. లేనిచోట గుర్తుపెట్టుకోవలసింది నువ్వే.

1984 ఆగస్టులో నేను ఒక చిన్న స్టేషనులో రాత్రి డ్యూటీలో ఉన్నాను. ముసురు పట్టి మూడు రోజులైంది. పది గంటల వేళ వచ్చిన గూడ్సులో ఒక వ్యాగను ఇరుసు కాలి పొగ వస్తోందని గార్డు చెబితే, దాన్ని విడదీసి రెండో లైనులో, అంటే లూపులో వదిలి, మిగతా బండిని పంపించేశాము. ఆ క్షణంలో నేను చేయవలసిన పని ఒక్కటే. గోడకు మేకుకు ఎర్ర రంగు పూసిన ఇనుప రింగులు వేలాడుతూ ఉండేవి. లీవర్ కాలర్లు అంటారు. లూపులోకి బండిని రానిచ్చే సిగ్నల్ లీవరుకు ఆ రింగు తగిలిస్తే, దాన్ని తీసేదాకా క్యాచ్ నొక్కడం ఎవరి తరమూ కాదు. నా చెయ్యి మేకు దాకా వెళ్ళింది. రింగు వేళ్ళకు చల్లగా తగిలింది కూడా. అప్పుడే కంట్రోలు ఫోను మోగింది. రింగు వదిలేసి ఫోను ఎత్తాను.

ఫోనులో మాట్లాడిన తరువాత అవతలి స్టేషను నుంచి బ్లాకు గంట మోగింది. గంటకు జవాబు ఇచ్చాక రిజిస్టరు రాశాను, ఆ తరువాత ఎవరో టీ తెచ్చారు. గంటన్నర గడిచింది. వెనుక ఎక్స్‌ప్రెస్ వస్తోంది కనుక ప్యాసింజరును లూపులోకి తీసుకోమని కంట్రోలు చెప్పింది. లైను ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి తీరాలన్నది నిబంధన. బయట చీకటి, వాన, నాకు లైను ఖాళీగా ఉన్నట్టే గట్టిగా అనిపించింది. పాయింట్లు లూపుకు వేశాను, తాళం వేశాను, సిగ్నలు లాగాను. అమ్మలూ, ఒక్క లీవరు కూడా అడ్డు చెప్పలేదు. అంతకుముందు ఎప్పుడూ లేనంత సాఫీగా వచ్చాయి. ఇంటర్‌లాకింగ్ లెక్క ప్రకారం నేను చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని.

లాంతరు తీసుకుని కిందికి దిగిన మా ముసలి పాయింట్స్‌మ్యాన్ బురదలో పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చి, ఎర్ర దీపం ఊపుతూ, "రెండులో బండి ఉంది సార్!" అని అరిచాడు. లీవరును వెనక్కి తోసేశాను. ప్యాసింజరు అప్పటికే అవుటరు సిగ్నలు దాటి కూత వేస్తోంది. డ్రైవరు బ్రేకు పట్టిన చప్పుడు, చక్రాలు పట్టాల మీద రాసుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. స్టేషనులోకి రానిచ్చే హోమ్ సిగ్నలుకు కొంచెం ఇవతల బండి ఆగింది. కిటికీల్లో మసక దీపాలు, ఏదో పెట్టెలో నిద్రలేచిన పసిపిల్ల ఏడుపు. నేను ఏదో చెప్పబోతే ఆ ముసలాయన, "ముందు రింగు తగిలించండి సార్, తరువాత మాట్లాడుకుందాం" అన్నాడు. తగిలించాను. జరిగినదంతా నా చేత్తోనే రిజిస్టరులో రాశాను. ఏడాదిపాటు ఇంక్రిమెంటు ఆపేశారు, అది న్యాయమే. మీ అమ్మమ్మకు ఈ సంగతి రెండేళ్ళ దాకా చెప్పలేదు. మీ అమ్మకు ఈనాటికీ తెలియదు. ఈ ఉత్తరం చదివాక నువ్వే చెప్పు.

ఆ తరువాత చాలా ఏళ్ళకు స్కాట్లండులోని క్వింటిన్స్‌హిల్ గురించి చదివాను. 1915 మే 22 ఉదయం అక్కడ ఒక లోకల్ బండిని దారి ఇవ్వడం కోసం అవతలి మెయిన్ లైను మీదికి మళ్ళించి నిలబెట్టారు. డ్యూటీ మారే వేళ అది. కొత్తగా డ్యూటీ ఎక్కిన సిగ్నల్‌మ్యాన్ ఆ బండిలోనే వచ్చినవాడు. అది బాక్సు కిటికీలోంచి కనబడేంత దగ్గరలో ఉంది. దాని ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్ బాక్సులోకి వచ్చి రిజిస్టరులో సంతకం కూడా పెట్టి వెళ్ళాడు. అయినా మరచిపోయి, అదే లైను మీద సైనికుల రైలుకు దారి ఇచ్చాడు. కాలర్లు తగిలించలేదు. ఆ మీదట వచ్చిన ఎక్స్‌ప్రెస్ కూడా వాటిని ఢీకొని, గ్యాసు దీపాల పెట్టెలు అంటుకుని, రెండు వందల మందికి పైగా చనిపోయారు. చదివి పుస్తకం మూసేశాను. ఆ మనిషి తెలివితక్కువవాడని చాలామంది అంటారు, నేను అనలేను. వేళ్ళకు తగిలిన రింగును నేను వదిలేశాను కదా.

కనుక, తల్లీ, పట్టాల మీద ఏదైనా నిలబడిన మరుక్షణం కాలర్ తగిలించు. చెయ్యి రింగు మీద ఉండగా ఫోను మోగితే మోగనివ్వు. గంట మోగినా మోగనివ్వు. మీ పెద్ద సిగ్నల్‌మ్యాన్ వచ్చి పిలిచినా, "ఒక్క క్షణం" అని, తగిలించాకే తల తిప్పు. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

మీ లైను ఒంటి లైను కనుక టోకెను మాట, అంటే సెక్షనులోకి వెళ్ళడానికి డ్రైవరు చేతికి ఇచ్చే గుర్తు మాట కూడా చెప్పాలి. అవతలి సిగ్నల్‌మ్యాన్ చివరి గంటను నొక్కి పట్టుకుంటేనే నీ యంత్రంలోంచి టోకెను బయటికి వస్తుంది. ఒకటి బయట ఉండగా రెండోది ఏ చివరా రాదు. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉండి కూడా, 1921 జనవరి 26న, మీ సెవర్న్ నదికే ఎగువన వేల్స్‌లో ఉన్న అబర్‌మ్యూల్‌లో రెండు బండ్లు ఎదురెదురుగా గుద్దుకుని 17 మంది పోయారు. ఒక బండి తెచ్చిన టాబ్లెట్‌నే, అంటే బిళ్ళలా ఉండే టోకెనునే, తిరిగి అదే డ్రైవరు చేతికి ఇచ్చేశారు. చేతులు మారిన ప్రతిచోటా ఎవరూ దాని మీద ఉన్న పేరు చదవలేదు. నువ్వు చదువు. లోపల కాదు, పైకి చదువు, డ్రైవరు చేత కూడా చదివించు.

గంటల లెక్క దగ్గర నిన్ను ముందే హెచ్చరించాలి, ఎందుకంటే తప్పు నేర్పింది నేనే. నీకు ఐదేళ్ళప్పుడు క్యాబిన్‌లోకి పిల్లల్ని రానివ్వకూడదు గనుక నిన్ను మెట్ల కింద కూర్చోబెట్టేవాణ్ణి. నువ్వు పైన మోగే గంటలు లెక్కపెట్టి, "రెండు! లైన్ క్లియర్ అడుగుతున్నారు తాతయ్యా! మూడు! బండి బయలుదేరింది!" అని అరిచేదానివి. ఆ లెక్క మన దేశానిది, అక్కడ పనికిరాదు. అక్కడ రెండు కొడితే బండి సెక్షనులోకి వచ్చినట్టు. మామూలు ప్యాసింజరుకు లైను అడగాలంటే మూడు కొట్టి, ఆగి, ఒకటి. బండి సెక్షను దాటితే రెండు, ఆగి, ఒకటి. చిన్నప్పుడు పడిన ముద్ర అలసట వేళ పైకి వస్తుంది కనుక మొదటి నెలలు కాగితం ఎదురుగా పెట్టుకో. ఆరు గంటలు వరసగా మోగితే మాత్రం ఆలోచించకు. అది రెండు దేశాల్లోనూ ఒకటే: ప్రమాదం, బండిని ఆపు.

ఇంకో భయం కూడా ఉంది. మీ బాక్సు కిందికి ప్రయాణికులు, ఫోటోలు తీసేవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న తండ్రులు వచ్చి నిలబడతారు. పాత కాలపు వేడుకలా చూస్తారు. వాళ్ళతో మర్యాదగా మాట్లాడు, కాని సెక్షనులో బండి ఉన్నంతసేపు వాళ్ళకు వీపు చూపించడానికి మొహమాటపడకు. బండి పాతదే గాని అందులో కూర్చున్న మనుషులు ఈనాటివాళ్ళే. ఆర్లీ దగ్గర ఆ విక్టోరియా వంతెన మీద, 200 అడుగుల పోత ఇనుప కమాను మీద నువ్వూ నేనూ పక్కపక్కన కూర్చుని నదిని చూస్తూ వెళ్ళినప్పుడు, ఏ బాక్సులో ఎవరున్నారో మనం ఒక్కసారైనా తలచుకోలేదు కదా. ఎవరో పని సరిగ్గా చేస్తున్నారు గనుకనే అంత నిశ్చింతగా కూర్చున్నాము.

మీ అమ్మమ్మ తన పాత మంగళగిరి చీర ఒకటి చింపి, అంచులు మడిచి, నాలుగు గుడ్డలు కుట్టింది. వచ్చే వారం పార్సిలు వేస్తాను. లీవరు పిడిని ఎప్పుడూ వట్టి చేత్తో పట్టుకోకు. చెమట తగిలితే మెరుగు పెట్టిన ఉక్కు రెండో రోజుకే తుప్పు పడుతుంది, నీ తరువాత డ్యూటీ ఎక్కేవాళ్ళు నిన్ను తిట్టుకుంటారు. మొదటిరోజు డ్యూటీ కాగానే ఏ లీవరు బాగా బరువుగా ఉందో నంబరుతో సహా రాయి.

మీ తాతయ్య