సప్లిమెంట్ కలిపితే దాణా ముట్టని గుర్రం: మా రాణితో నా అనుభవం

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. పదేళ్ల గుర్రం, గిట్టలకీ కీళ్లకీ అని మూడు రకాల పొడులు, మొలాసిస్ (చెరకు మడ్డి) పోసినా యాపిల్ ముక్కలు వేసినా బకెట్ వైపు చూడదు, నాలుగు రోజులుగా దాణా అంతా పారబోస్తున్నారు, ఇంకేం కలిపితే తింటుంది అని అడిగారు. ఆరేళ్ల కిందట ఇదే ప్రశ్న పట్టుకుని నేనూ కనిపించిన ప్రతివాళ్లనీ అడుగుతూ తిరిగాను. ఇప్పుడు నన్నడిగితే ఇంకేమీ కలపొద్దనే అంటాను. ముందు కలిపినవన్నీ తీసేయండి.

మా ఆడగుర్రం పేరు రాణి. పేరుకు తగ్గ నఖరాలు. గిట్టల అంచులు పెచ్చులూడుతున్నాయని నాడాలు వేసే ఆయన అంటే బయోటిన్ (గిట్టలకని ఇచ్చే విటమిన్) పొడి తెచ్చాను. వెనక కాలు కాస్త బిగుసుకుపోతోందని ఇంకెవరో అంటే కీళ్ల పొడి తెచ్చాను. బెదురు తగ్గుతుందంటే మెగ్నీషియం కూడా. ఒకే రోజు, మూడూ, డబ్బా మీద రాసిన పూర్తి మోతాదులో, ఒకే బకెట్లో కలిపి పెట్టాను. రాణి వచ్చి మూతి పెట్టింది. పై పెదవి పైకి మడిచింది. ఫుర్రుమని ఒక్క చీదు చీదితే సగం పొడి నా చొక్కా మీద పడింది. తర్వాత పెదవులతోనే ఒక్కో గుళికా ఏరుకుని తిని, పొడంతా అడుగున తెల్లగా ముగ్గు వేసినట్టు వదిలేసింది. గుర్రం పెదవులు మన వేళ్లలాంటివి. దాణాలోంచి పొడిని వేరు చేయడం వాటికి ఒక లెక్క కాదు.

రెండో రోజు నేను మొలాసిస్ పోశాను. మూడో రోజు ఇంకాస్త పోశాను. నాలుగో రోజు పొడి వేయకుండా ఉత్త దాణా పెట్టినా తినలేదు! అప్పుడు భయమేసింది. గుర్రాన్ని చూసుకునే మా సాయిసు ఒక మాటన్నాడు: "దాణా కాదు బాబూ, ఆ నీలం బకెట్ మీదే దానికి అనుమానం." నమ్మలేదు కానీ వేరే తొట్టిలో అదే దాణా పోసి పెట్టాం. నాకేసి ఒకసారి చూసి గబగబా తినేసింది.

ఆ రోజు అర్థమైంది, గుర్రం మొండికేయడం లేదు, జాగ్రత్తపడుతోంది. దానికి వాంతి చేసుకోవడం రాదు. ఒకసారి లోపలికి పోయింది ఇక బయటికి రాదు. అందుకే కొత్త వాసనంటే అంత అనుమానం. మనం తీపి పోసి దాచే కొద్దీ దాని అనుమానం పొడి మీద నుంచి దాణా మీదికి, దాణా మీద నుంచి బకెట్ మీదికి పాకుతుంది.

కాబట్టి ఓ వారం దాకా ఒక్క పొడి కూడా వేయకండి. వీలైతే బకెట్ మార్చండి, లేదా వేడినీళ్లతో బాగా రుద్ది ఎండలో ఆరబెట్టండి. అంచుల్లో అంటుకుపోయిన పాత దాణా పులిసిన వాసన మనకి తెలియదు, దానికి తెలుస్తుంది. ఆ వారంలో గమనించాల్సింది ఒకటుంది: ఉత్త దాణా ఇదివరకటిలా ఇష్టంగా తింటోందా? తింటుంటే సమస్య పొడితోనే. అదీ వదిలేస్తుంటే సప్లిమెంట్ గొడవ పక్కన పెట్టి డాక్టర్‌ని పిలవండి.

ఇది ఊరికే అనడం లేదు. రెండేళ్ల తర్వాత రాణి మళ్లీ దాణా సగం వదిలేయడం మొదలుపెట్టింది. నేను అనుభవజ్ఞుణ్ని కదా, మళ్లీ నఖరాలే అనుకుని మూడు వారాలు గడిపేశాను. ఎండుగడ్డి మాత్రం తినేది. జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి కొరకడానికి వచ్చేది. చివరికి డాక్టర్ గొట్టం వేసి చూస్తే కడుపులో అల్సర్లు. గడ్డి తింటూ దాణా వదిలేయడం అల్సర్లున్న గుర్రాల్లో తరచూ కనిపించేదేనట. కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్‌తో నెల రోజులు వైద్యం చేశాక బకెట్ నాకడం మొదలుపెట్టింది. ఆ మూడు వారాలూ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం. పళ్ల సంగతీ అంతే. దవడ పళ్ల అంచులు పదునెక్కి బుగ్గ లోపల గీసుకుంటుంటే ఎంత మంచి దాణా అయినా నోట్లోంచి ముద్దలుగా జారిపోతుంది. ఏడాదికొకసారైనా పళ్లు చూపించకపోతే ముందు ఆ పని చేయించండి.

పొడితోనే సమస్య అని తేలిందనుకోండి, మూడింట్లో దొంగ ఏదో పట్టుకోవాలి. నేను చేసింది చాలా మోటు పద్ధతి. మూడు చిన్న గిన్నెల్లో గుప్పెడేసి దాణా, ఒక్కోదాంట్లో ఒక్కో పొడి పావు చెంచా, విడివిడిగా మూడు రోజుల్లో పెట్టి చూశాను. బయోటిన్ పొడిని అసలు పట్టించుకోలేదు, గిన్నెతో సహా నాకేసింది. మెగ్నీషియానికి కాస్త ముఖం చిట్లించినా తినేసింది. కీళ్ల పొడి దగ్గర మాత్రం గిన్నెను ముక్కుతో తోసి పారేసింది. డబ్బా వెనక చదివితే అందులో ఎంఎస్ఎం అని కీళ్లకి వాడే గంధకపు పదార్థం ఉంది. నాలుక మీద వేసుకుని చూశాను (మీరూ చూడండి, గుర్రం మీద గౌరవం పెరుగుతుంది). పచ్చి చేదు. మెగ్నీషియంలోనూ రకాలున్నాయి. సల్ఫేట్ రూపంలో ఉన్నది బాగా చేదు, ఆక్సైడ్ అంత కాదు. అంటే ఒక్క దొంగ కోసం మూడింటినీ జైల్లో పెట్టాను.

ఇక తినిపించే పద్ధతి. మొత్తం దాణాలో పొడి కలపకండి, నేను చేసిన పెద్ద తప్పు అదే. గుర్రం వద్దనుకుంటే పూట దాణా అంతా పోతుంది. పొద్దున ఆకలి మీదున్నప్పుడు ముందుగా గుప్పెడంటే గుప్పెడు తడి దాణాలో పొడి కలిపి పెట్టండి. అది తిన్నాకే అసలు దాణా. తినకపోతే పావుగంట ఆగి తీసేయండి, మామూలు దాణా పెట్టేయండి. కడుపు మాడ్చి దారికి తెద్దామని చూడకండి. గుర్రం కడుపు ఎక్కువసేపు ఖాళీగా ఉంటే అల్సర్లను మనమే పిలిచినట్టు, గడ్డి ఎప్పుడూ ముందుండాల్సిందే.

తడి అన్నాను కదా, అసలు కిటుకు అక్కడే ఉంది. తడి లేని దాణాలో పొడి కలిపితే అడుగుకి జారిపోతుంది. నేను లూసర్న్ (ఒక రకం పశుగ్రాసం) గుళికలు ఒక మగ్గుకి రెండు మగ్గుల గోరువెచ్చని నీళ్లు పోసి అరగంట పైన వదిలేస్తాను. అది ఉబ్బి, విరిగి, మెత్తటి ముద్దవుతుంది. పొడిని ముందు రెండు చెంచాల నీళ్లలో కలిపి ఆ ముద్దలోకి చేత్తో పిసుకుతాను. చెంచాతో కలిపితే ఎక్కడో ఒక ఉండ మిగులుతుంది, ఆ ఉండ సరిగ్గా పంటి కిందే పడుతుంది. బీట్ పల్ప్, అంటే చక్కెర తీసేశాక మిగిలే దుంప పిప్పి, అదీ ఇలాగే పనికొస్తుంది. కానీ గుళికల రూపంలో ఉంటే గంటల తరబడి నానాలి. కొంచెం వంట నూనె వేసినా పొడి గుళికలకి అంటుకుంటుంది. చేపనూనె జోలికి పోకండి, ఆ వాసనకి మనమే నిలబడలేం. ప్రోబయోటిక్, ఈస్ట్ లాంటివుంటే మరిగే నీళ్లు పోయొద్దు, వాటిలోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఎండాకాలంలో తడి దాణా త్వరగా పులిసిపోతుంది కాబట్టి ఏ పూటకి ఆ పూటే నానబెట్టుకోవాలి.

మోతాదు చిటికెడుతో మొదలుపెట్టండి. నిజంగా చిటికెడే. మూడు రోజులు అది తింటే రెండు చిటికెలు. రెండు వారాలకి పూర్తి మోతాదుకి చేరితే చాలు. ఎక్కడైనా మూతి తిప్పుకుంటే ఒక మెట్టు కిందికి దిగండి. టెన్షన్ పడకండి, రెండు వారాల ఆలస్యం వల్ల కొంపలేం మునగవు. గిట్ట నెలకి 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుందంతే. బయోటిన్ రోజుకి 15, 20 మిల్లీగ్రాములు పడుతున్నా కొత్త గిట్ట కిందిదాకా దిగడానికి తొమ్మిది నెలలు, ఏడాది పడుతుంది. రోజూ కొంచెం తినడం ముఖ్యం కానీ ఒకరోజు ఎక్కువ తినడం కాదు.

రుచికేం కలపాలన్నారు. 2005లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు గుర్రాలకి రకరకాల వాసనలు కలిపిన దాణా పెట్టి చూశారు. గుర్రాలు మెచ్చినవాటిలో మొదటిది క్యారెట్టో యాపిలో కాదు, మెంతులు! తర్వాత అరటిపండు. ఆ వాసనలు కలిపితే ఖనిజ లవణాల గుళికల్ని కూడా త్వరగా తిన్నాయట. ఇది చదివి రాణికి అర చెంచా మెంతిపొడి వేశాను. ముందు అనుమానంగా ముక్కుపుటాలు ఎగరేసింది, నాలుగో రోజుకి నేను మూత తీసే చప్పుడుకే సకిలించేది. కాకపోతే మెంతిపొడి ముందు ఉత్త దాణాలో అలవాటు చేసి, ఆ తర్వాతే దాంట్లో సప్లిమెంట్ కలపాలి. రెండూ ఒకేరోజు వేస్తే మెంతుల మీద కూడా విరక్తి పుడుతుంది. చూడి గుర్రమైతే డాక్టర్‌ని అడగకుండా మెంతులు వేయకండి. గిట్టల వాపు జబ్బు ఎప్పుడైనా వచ్చిన గుర్రమైనా, ఇన్సులిన్ సమస్య ఉన్నదైనా మొలాసిస్, అరటిపండు, యాపిల్ లాంటి తీపి పూర్తిగా మానేయండి.

ఎంత చేసినా తినని మందు, అదీ తప్పనిసరి అయితే, సిరంజి ఒక్కటే దారి. 60 మిల్లీలీటర్ల పెద్ద మూతిది తీసుకుని, పొడిని యాపిల్ గుజ్జులో కలిపి, పెదవి పక్కనుంచి ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీలోంచి నాలుక మీదికి మెల్లగా వదలాలి. తల పైకెత్తి పట్టకూడదు, పొరబోతుంది. ముందు నాలుగైదు రోజులు మందు లేకుండా ఉత్త గుజ్జే ఇవ్వండి. మా దగ్గర ఇప్పుడు సిరంజి చూపిస్తే రాణి నోరు తెరుస్తుంది. నెలకి నాలుగుసార్లు ఊరికే గుజ్జు ఇస్తుంటాను, లంచం అనుకోండి.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. 500 కిలోల గుర్రానికి రోజుకి సుమారు 25 గ్రాముల ఉప్పు కావాలి, చెమట పట్టే పని చేస్తే ఇంకా ఎక్కువ. అదంతా ఒక పూట దాణాలో వేస్తే ఏ గుర్రమైనా మొహం తిప్పుకుంటుంది. సగం దాణాలో వేసి, మిగతాది నాకడానికి విడిగా పెట్టండి. ఎలక్ట్రోలైట్లు (చెమటతో పోయే లవణాలు) నీళ్లలో కలిపితే పక్కన మామూలు నీళ్ల బకెట్ తప్పకుండా ఉండాలి. లేకపోతే అసలు నీళ్లే తాగడం మానేస్తుంది, అది దాణా మానేయడం కంటే ప్రమాదం.

మీరు అడగలేదు కానీ, ఆ మూడు డబ్బాల వెనక రాసింది ఒకచోట పెట్టుకుని చదవండి. నేను చదివినప్పుడు రెండింట్లో సెలీనియం అనే ఖనిజం ఉంది, నేను పెడుతున్న దాణాలోనూ ఉంది. 500 కిలోల గుర్రానికి అది రోజుకి 1 మిల్లీగ్రాము చాలు. ఎక్కువైతే జూలు, తోక వెంట్రుకలు రాలతాయి, గిట్టలు పగులుతాయి. గిట్టలు బాగుపడాలని తెచ్చిన డబ్బాతోనే గిట్టలు పోగొట్టుకునేవాళ్లం! చౌక అని పశువుల, కోళ్ల దాణా మిశ్రమాలు మాత్రం ఎప్పుడూ పెట్టకండి. వాటిలో కొన్నిట్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, అది గుర్రం ప్రాణం తీస్తుంది. గడ్డి పరీక్ష చేయించి డాక్టర్‌కి చూపించాక మాకు మెగ్నీషియం అవసరమే లేదని తేలింది. బయోటిన్, జింకు, రాగి ఉన్న ఒక్క గుళికల సప్లిమెంట్ మీదికి వచ్చాం. పొడి కాకుండా గుళికలు దొరికితే అవే కొనండి, సగం యుద్ధం తప్పుతుంది.

కీళ్ల పొడి రాణి ఈ రోజు వరకూ తినలేదు. కాలు బిగుసుకోవడం మాత్రం రోజూ ఎక్కువసేపు బయట తిరగనిచ్చాక తగ్గింది. ఆ డబ్బా అటక మీద అలాగే ఉంది, మూత తీస్తే రాణి ఇప్పటికీ నాలుగు అడుగులు వెనక్కి వేస్తుంది.