గోగునారతో సీఎంసీ చేయబోయే మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళం వైపు నుంచి గోగునార తెప్పించి నీళ్లను చిక్కబరిచే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, అదే సీఎంసీ, తయారు చేస్తానని రాశావు. సంతోషం. కానీ ఉత్తరం నిండా యంత్రాల ధరలే ఉన్నాయి, చెరువు ఊసే లేదు. నీ సరుకు మంచిచెడ్డలు సగం అక్కడే తేలిపోతాయి నాయనా.

గోగు కట్టలను నీట ముంచి బరువులు పెట్టాక, నారను పుల్లకు అంటించి ఉంచే పెక్టిన్‌ను బాక్టీరియా తినేస్తుంది. నీటి వేడిని బట్టి 10 నుంచి 20 రోజులు పడుతుంది. పదో రోజు నుంచి రోజూ ఒక కాడ తీసి చూడు. మొదలు దగ్గర పట్టి లాగితే నార పుల్లను వదిలి జారిరావాలి. ఆ రోజే తీయించు. ఇంకా నానితే నారకు బలమిచ్చే సెల్యులోజ్ గొలుసులు కూడా తెగుతాయి. తాడు పేనేవాడికి ఆ సంగతి నార పుటుక్కున తెగగానే తెలుస్తుంది. నీకు నెల తర్వాత, సీఎంసీ కలిపిన నీళ్లు చిక్కబడకుండా కుడితిలా పలచగా ఉన్నప్పుడు తెలుస్తుంది.

బాగా ఊరిన నార శుద్ధమైనదని మాత్రం అనుకోకు. నారను బిరుసుగా ఉంచే లిగ్నిన్ అనే పదార్థం దాదాపు అలాగే ఉంటుంది. మొదళ్ల దగ్గరి గట్టి బెరడు కోసి పారేసి, మిగతాది కాస్టిక్ సోడాలో ఉడికించి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరచు. తర్వాత తూచిన నారను 17.5 శాతం కాస్టిక్ ద్రావణంలో వేసి చూడు. కరగకుండా మిగిలేదే ఆల్ఫా సెల్యులోజ్. ఈ లెక్క ఒక్కో విడతకు ఒక్కోలా వస్తుంటే ముందుకు పోవద్దు, మళ్లీ చెరువు దగ్గరికి వెళ్లు.

అసలు చర్య పెద్ద బ్రహ్మవిద్య కాదు. సన్నగా తరిగిన నారను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, గాఢమైన కాస్టిక్ పోసి గంటసేపు తిప్పాలి. ఆ తర్వాత మోనోక్లోరో ఎసిటిక్ ఆమ్లం వేసి, 55 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచాలి. నీళ్లు ఎక్కువైతే ఆమ్లం నారను వదిలి కాస్టిక్‌తోనే కలిసి గ్లైకొలేట్‌గా వృథా అవుతుంది. సెల్యులోజ్ గొలుసులోని ఒక్కో గ్లూకోజ్ ముక్కకు సగటున ఎన్ని కార్బాక్సీ మిథైల్ గుంపులు అంటుకున్నాయో చెప్పే లెక్కే ప్రతిక్షేపణ స్థాయి. అది 0.4 దాటకపోతే సరుకు నీటిలో ఉబ్బుతుందే గాని కరగదు. 0.7 దగ్గరికి తేగలిగితే చాలు.

నా మొదటి విడతను మామూలు నీళ్లతో కడిగాను. మొత్తం జావైపోయి వడగుడ్డకు అతుక్కుంది, రెండు రోజులు గీకాను. నువ్వు 70 శాతం ఆల్కహాల్‌తోనే కడుగు, ఆ ఆల్కహాల్‌ను మరిగించి, ఆవిరిని చల్లార్చి మళ్లీ వాడుకో. ఆ ఖర్చు ముందే లెక్క కట్టకపోతే లాభం అందులోనే ఆవిరవుతుంది.

ఆ మోనోక్లోరో ఎసిటిక్ ఆమ్లం చర్మం గుండా ఒంట్లోకి ఇంకి ప్రాణం తీయగలదు. చేతి తొడుగులూ కళ్లద్దాలూ లేని మనిషిని ఆ గదిలోకి రానివ్వకు. ఆల్కహాల్ ఉన్నచోట నిప్పు ఉండకూడదు.

ఐస్‌క్రీమ్ కంపెనీల మాట ఇప్పుడే ఎత్తకు. తిండిలో వాడే సరుకుకు 99.5 శాతం శుద్ధి కావాలి. ముందు నేతవారి గంజికి పనికొచ్చే రకం చేయి.

గోగు పూతకు రాగానే కోత మొదలవుతుంది. ఆలోపు ఊళ్లో చేపలు లేని, ఎవరూ తాగని కుంట ఒకటి చూసిపెట్టు. నార ఊరే నీటిలో ప్రాణవాయువు మిగలదు, చేపలు తేలితే ఊరంతా నీ మీదికొస్తుంది.

మీ మామయ్య