వారం గడువు అడిగితే ఎదురు చెప్పినట్టేనా?

ప్రశ్న: మా అన్నయ్య వ్యాపారం కోసం బ్యాంకు లోను తీసుకుంటున్నాడు. నేనూ మా ఆవిడా హామీ సంతకాలు పెట్టాలి. కాగితాల్లో ‘వితౌట్ డిమర్’ అని ఒక మాట ఉంది. మా ఆవిడ అక్కడ ఆగి, ‘బావగారూ, ఒక వారం టైమ్ ఇవ్వండి, చదువుకుని పెడతాను’ అంది. ఆ రాత్రే అన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో ‘ఇంటి కోడలే డిమర్ చేస్తే ఇక బయటివాళ్లను ఏమనాలి’ అని పెట్టాడు. నేను గడువు అడిగానే గానీ ఎదురు చెప్పలేదు అంటుంది మా ఆవిడ. డిమర్ అంటే అభ్యంతరమే అంటాడు అన్నయ్య. ఇద్దరికీ మాటల్లేవు, ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ మాటకు అసలు అర్థం ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు రైటో మీరు రాస్తే గ్రూపులో పెడతాను. డిమ్యూర్ అన్నా ఇదేనా? - ఒక తమ్ముడు

జవాబు: గ్రూపులో పెట్టుకోవడానికి తీర్పు కావాలంటే నేను రాయను. మాట సంగతి మాత్రం చెబుతాను.

డిమర్‌కు మూలం లాటిన్‌లోని ‘మోరా’. అంటే ఆలస్యం. పాత ఫ్రెంచి మీదుగా ‘ఆగిపోవడం, ఉండిపోవడం’ అనే అర్థంతో ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట్లో దానికి అభ్యంతరంతో సంబంధమే లేదు. ఎక్కడైనా నిలిచిపోయినా, తాత్సారం చేసినా డిమర్ అనేవాళ్లు. తర్వాత తటపటాయించడం అనే అర్థం వచ్చింది. అభ్యంతరం చెప్పడం అనే అర్థం 17వ శతాబ్దంలో వచ్చి చేరింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది అదే, పాత అర్థం దాదాపు పోయింది. కాబట్టి ఇవాళ్టి నిఘంటువు తెరిస్తే మీ అన్నయ్యది పైచేయి, మాట పుట్టుక చూస్తే మీ ఆవిడది. ఇది తెలిసినందువల్ల మీ ఇంట్లో టెన్షన్ ఏమైనా తగ్గిందా? తగ్గదు.

ఈ మాట చుట్టాలు లోన్లు తీసుకునేవాళ్లకు తెలిసినవే. వాయిదాలు కొన్నాళ్లు ఆపితే అది మారటోరియం. ఓడలోనో వ్యాగన్‌లోనో సరుకు గడువు దాటి దించకుండా ఉంచితే పడేది డెమరేజ్. రెండూ ఆ మోరా సంతానమే. డిమ్యూర్ అర్థం మాత్రం వేరు. అణకువగా ఉండేవాళ్ల గురించి, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ల గురించి వాడతారు. మీకు ఆ అనుమానం ఎందుకొచ్చిందో ఊహించగలను. అణకువ పాఠాలు మీ ఆవిడకు ఇప్పటికే ఎవరో చెప్పి ఉంటారు.

ఇంకో సంగతి. అభ్యంతరాలన్నీ ఒక్క బరువుతో ఉండవు. ఆబ్జెక్ట్ అనే మాటకు మూలంలో ఎదురుగా విసరడం అని అర్థం. ప్రొటెస్ట్ అంటే నలుగురి ముందు సాక్ష్యం పలికినట్టు ప్రకటించడం. వాటి పక్కన డిమర్ చాలా మెత్తనిది. గొంతు పెంచకుండా, కాస్త వెనకాడుతూ చెప్పే అభ్యంతరానికే ఆ మాట వాడతారు. మీ ఆవిడది అభ్యంతరమే అనుకుందాం. మర్యాదగా, ఎదురుగా, ఆయనతోనే చెప్పింది. నలుగురి ముందుకు లాగింది మీ అన్నయ్య.

ఇప్పుడు కాగితం సంగతి. ‘వితౌట్ డిమర్’ అని హామీ పత్రంలో ఊరికే రాయరు. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే బ్యాంకు మిమ్మల్ని అడుగుతుంది. అడిగిన వెంటనే ఎందుకు, ఏమిటి అని వాదన పెట్టుకోకుండా కట్టాలని ఆ మాటకు అర్థం. అంటే రేపు నోరెత్తనని ఇవాళే రాసివ్వడం. అలాంటి వాక్యం కనబడితే ఆగకుండా సంతకం పెట్టేవాళ్లను చూస్తేనే నాకు భయం. మీ ఆవిడ ఆగింది. మీరు ఆగారా? లోను ఎంతో మీ ఉత్తరంలో లేదు. వ్యాపారం ఎలా నడుస్తోందో లేదు. కాగితం మీరు చదివినట్టూ లేదు. అన్నయ్య పెట్టమన్నాడు, మీరు పెట్టడానికి సిద్ధపడ్డారు, అంతే.

మీరు దీన్ని మరదలికీ బావగారికీ మధ్య గొడవగా రాశారు. నాకలా కనిపించలేదు. మీకూ మీ అన్నయ్యకూ మధ్య ఎప్పుడో జరగాల్సిన సంభాషణ ఇది. మీరు అడగలేదు గనుక ఆమె అడగాల్సి వచ్చింది. అడిగినందుకు గ్రూపులో మాట పడింది. ఆ పోస్టు కింద మీరేం రాశారు? మీ ఉత్తరంలో అదీ లేదు గనుక ఏమీ రాయలేదనే అనుకుంటున్నాను. భార్యను నలుగురిలో ఒక మాట అంటే ఊరుకుని, ఆ మాటకు వ్యుత్పత్తి వెతకడానికి బయల్దేరిన భర్త మీద నాకు పెద్ద గౌరవం లేదు, ఏమీ అనుకోకండి. కర్ర విరగకూడదు, పాము చావకూడదు, పైగా కర్ర నా చేతిలో ఉండాలి అన్నట్టుంది మీ వరస.

పెద్దంతరం చిన్నంతరం వద్దని నేననను. తండ్రి తర్వాత తండ్రిలాంటివాడు అన్న. ఆయన కూర్చుంటే మీరు లేచి నిలబడండి, బాగుంటుంది. అప్పు కాగితం చదవకుండా సంతకం పెట్టడం మాత్రం ఆ గౌరవంలోకి రాదు. మీ పిల్లల చదువుకు దాచిన డబ్బు మీద మీకెంత హక్కుందో మీ ఆవిడకూ అంతే ఉంది.

అన్నయ్యతో ఎలా మొదలుపెట్టాలో తెలియదంటే, ఈ మాట నుంచే దారి దొరుకుతుంది. పాత ఇంగ్లీషు న్యాయంలో డిమరర్ అని ఒక వాదన ఉండేది. ప్రతివాది లేచి, ‘వాది చెప్పినవన్నీ నిజమే అనుకుందాం, అయినా చట్టం ప్రకారం ఈ దావా నిలవదు’ అనేవాడు. అబద్ధమాడావని ఎదుటివాడిని అననక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1883లో దాన్ని తీసేశారు, అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 1938లో పోయింది, కాలిఫోర్నియాలో ఇప్పటికీ నడుస్తోంది. మీ ఇంట్లోనూ నడుస్తుంది. ‘అన్నయ్యా, నువ్వు మాకు చాలా చేశావు, నిజమే. వ్యాపారం నిలబడుతుందన్నావు, నమ్ముతున్నాను. ఇంటి పరువు అన్నావు, ఒప్పుకుంటాను. అయినా కాగితం ఒక వకీలుకు చూపించకుండా మేమిద్దరం సంతకం పెట్టం. గడువు అడిగింది తనొక్కతే కాదు, నేను కూడా.’ ఆఖరి వాక్యం మింగేయకండి.

ఆయనకు కోపం వస్తుంది. కొన్నాళ్లు వదినగారి ద్వారా కబుర్లు నడుస్తాయి. అందరిళ్లలో జరిగేదే, తట్టుకోండి. వకీలు కాగితం చూశాక మీ శక్తికి మించిన హామీ అని తేలితే, మీ దగ్గరున్నంతలో డబ్బు సాయం చేస్తామని చెప్పండి, సంతకం మాత్రం వద్దు. తేలిగ్గా మోయగలిగేదే అయితే ఇద్దరూ మనస్ఫూర్తిగా పెట్టండి.

గ్రూపులో పోస్టు సంగతి కూడా అన్నయ్యతో ఆ మాట్లాడేటప్పుడే తేల్చండి. అన్నయ్యనే తీసేయమనండి. తీయనంటే దాని కిందే, మీ పేరున, టైమ్ అడిగింది మేమిద్దరం అని ఒక్క ముక్క రాయండి. నా జవాబు మాత్రం అక్కడ పెట్టొద్దు.