మారిషస్ లాంటి చిన్న దేశానికి సొంత విమాన సంస్థ ఎందుకు? అది ఎలా మొదలైంది?

పన్నెండున్నర లక్షల మంది ఉన్న దేశానికి, అందులోనూ తరచూ నష్టాల్లో నడిచే ఎయిర్ మారిషస్ అవసరమా అని అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు అక్కడే ఉన్నాను. అవసరమే అంటాను. ఎందుకో తెలియాలంటే లండన్, పారిస్ సర్వీసుల సంగతి పక్కనపెట్టి, ముందు రోడ్రిగ్స్ సంగతి చూడాలి.

రోడ్రిగ్స్ కూడా మారిషస్ దేశంలో భాగమే. కానీ ప్రధాన ద్వీపానికి తూర్పున సుమారు 600 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్యలో ఉంటుంది. ఓడలో వెళ్తే ఒక రోజుకు పైగా పడుతుంది, విమానంలో గంటన్నర. అక్కడి రన్‌వే చిన్నది కాబట్టి పెద్ద జెట్‌లు దిగలేవు, ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలే దిక్కు. నేను వెళ్లిన విమానంలో టూరిస్టులు కొద్దిమందే. ఎక్కువమంది పెద్దాసుపత్రిలో చూపించుకుని ఇంటికి తిరిగి వెళ్తున్నవాళ్లు, చదువుకునే పిల్లలు, బంధువుల పెళ్లికి బయల్దేరినవాళ్లు. తుఫాను హెచ్చరిక వచ్చి సర్వీసులు ఆగిపోయాయంటే, మళ్లీ మొదలయ్యేదాకా అక్కడివాళ్లకు టెన్షనే. లాభం మాత్రమే చూసుకునే విదేశీ సంస్థ ఏదీ ఆ రూటును ఏళ్ల తరబడి మోయదు.

అసలు ఈ సంస్థ సొంతంగా ఎగరడం మొదలుపెట్టింది కూడా ఆ రూటులోనే. కంపెనీ పుట్టింది 1967 జూన్‌లో, అంటే దేశానికి స్వాతంత్ర్యం రాకముందే. ఎయిర్ ఫ్రాన్స్, బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీ, మారిషస్ ప్రభుత్వం తలా 27.5 శాతం పెట్టాయి, మిగతాది రోజర్స్ అనే స్థానిక వ్యాపార సంస్థది. తర్వాత ఐదేళ్లపాటు పేరు ఉందే గానీ విమానం లేదు. 1972లో ఎయిర్ మడగాస్కర్ దగ్గర ఆరు సీట్ల పైపర్ నవాహో ఒకటి లీజుకు తీసుకుని రోడ్రిగ్స్‌కు నడిపారు. మరుసటి ఏడాది ఎయిర్ ఇండియా సాయంతో బొంబాయి రూటు మొదలైంది. లండన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ల వీసీ10 జెట్ విమానం అద్దెకు దొరికింది.

సొంత కాళ్ల మీద నిలబడింది ఎనభైలలో. 1988లో కొత్త బోయింగ్ 767ను తెచ్చుకునేటప్పుడు కెనడాలోని హాలిఫాక్స్ నుంచి మారిషస్ దాకా ఎక్కడా ఆగకుండా వచ్చారు. 14,000 కిలోమీటర్ల పైచిలుకు దూరం, దాదాపు పదహారున్నర గంటలు. రెండింజన్ల ప్రయాణికుల జెట్‌కు అప్పట్లో అది రికార్డు.

నష్టాల మాటకొస్తే, 2008లో ఇంధనం ధర ఇంకా పెరుగుతుందనుకుని ముందే రేటు ఖాయం చేసుకున్నారు, ఆ తర్వాత ధర పడిపోయి గట్టి దెబ్బ తగిలింది. కోవిడ్ వచ్చి సరిహద్దులు మూతపడగానే, 2020 ఏప్రిల్‌లో సంస్థ అడ్మినిస్ట్రేటర్ల చేతికి, అంటే కష్టాల్లో పడ్డ కంపెనీని చక్కదిద్దడానికి నియమించే బయటి నిపుణుల చేతికి వెళ్లింది. 2021 చివరి నెలల్లో గానీ బయటపడలేదు. ఉద్యోగాలు పోయినవాళ్ల బాధ చిన్నది కాదు, యాజమాన్య నిర్ణయాలను తప్పుపట్టడం న్యాయమే. అయితే సంస్థను సరిగా నడపలేదనడం వేరు, సంస్థే అక్కర్లేదనడం వేరు. టూరిజం మీద బతికే దేశంలో ఏ రోజు ఏ ఊరికి విమానం నడపాలో పూర్తిగా బయటివాళ్ల చేతిలో పెట్టడం ప్రమాదం.

మన పాఠకుల కోసం ఒక విషయం. ఎయిర్ మారిషస్ ఎయిర్‌బస్ ఏ330నియో విమానాల్లో ఒకదాని పేరు 'ఆప్రవాసీ ఘాట్'. భారత్ నుంచి ఒప్పంద కూలీలుగా ఓడల్లో వచ్చినవాళ్లను దించిన పోర్ట్ లూయిస్ రేవు అది. కోరంగి వైపు నుంచి వెళ్లిన మన తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు, ఉగాదికి దేశమంతటా సెలవు. మా పక్కింటి తెలుగు కుటుంబం ఆ విమానం గురించి ఎంత గర్వంగా చెప్పేవారో! మీరు మారిషస్ వెళ్తే బీచ్‌లతో సరిపెట్టుకోకుండా రోడ్రిగ్స్‌కు కూడా టికెట్ తీసుకోండి. సీట్లు తక్కువ, సెలవుల్లో త్వరగా నిండిపోతాయి కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి.